ఏ గెడ్డను ముందు కాపాడాలి? కప్పల సూచిక గుంపుతో ప్రణాళిక వేసే పద్ధతి

తొలకరి పడిందంటే ఒకే ప్రశ్న రకరకాల నోళ్ళ నుంచి వస్తుంది. అరకు వైపు కాఫీ తోట ఉన్న రైతు అడుగుతారు, మారేడుమిల్లి దగ్గర పనిచేసే టీచరు అడుగుతారు, జువాలజీ చదివే పిల్లలు అడుగుతారు. "మా కొండ మీద పది పన్నెండు గెడ్డలున్నాయి (కొండ వాగులు). అన్నిట్లోనూ కప్పలు అరుస్తున్నాయి. అన్నిటినీ కాపాడే శక్తి మాకు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?"

అన్ని రకాల కప్పల్నీ వెతికి పట్టుకోనక్కర్లేదు. కొన్ని రకాలను జాగ్రత్తగా ఎంచుకుని, అవి ఉన్న చోట్లు కాపాడితే మిగతా రకాలకు కూడా నీడ దొరుకుతుందేమో చూడాలి. అలా ఎంచుకున్న కొద్ది రకాలే సూచిక గుంపు. బ్రెజిల్ అట్లాంటిక్ అడవి నుంచి మన కనుమల దాకా ఉష్ణమండల అడవుల్లో దీని తర్కం ఒకటే. ఇక్కడ తూర్పు కనుమలను ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడివాళ్ళే. బెంగళూరులో ఉంటూ పశ్చిమ కనుమలకు వెళ్ళేవాళ్ళకూ ఇదే పనికొస్తుంది, రకాల పేర్లు మారతాయి అంతే.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్తాను. కప్ప చర్మం పలుచన, నీళ్ళు దానిగుండానే, గాలి కూడా కొంత దానిగుండా లోపలికి పోతాయి. పైగా చాలా రకాలకు సగం బతుకు నీళ్ళలో, సగం నేల మీద. అందుకే గెడ్డ పాడైనా, అడవి పాడైనా ముందు దెబ్బ తినేది కప్పే. 2023లో వచ్చిన ప్రపంచ ఉభయచరాల అంచనా ప్రకారం ఈ జాతుల్లో 41 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయి. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇంత ముప్పు ఉన్న వర్గం ఇంకొకటి లేదు.

కావలసినవి

- తలకు కట్టుకునే లైట్లు రెండు, విడి బ్యాటరీలు
- మోకాలి దాకా వచ్చే గమ్‌బూట్లు
- రికార్డరూ జీపీఎస్సూ ఉన్న ఫోను, వాన తగలకుండా కవరు
- థర్మామీటరు, చిన్న స్కేలు, మూత ఉన్న పారదర్శకమైన డబ్బా
- కొత్త పాలిథిన్ సంచులు కొన్ని
- గట్టి బ్రష్షు, 70 శాతం స్పిరిట్
- పుస్తకం, పెన్సిలు (పెన్ను రాత వానకు కారిపోతుంది)
- గళ్ళ కాగితం, లేదా కంప్యూటర్లో ఎక్సెల్
- ఆ కొండ తెలిసిన ఊరి మనిషి

చివరిది తప్పనిసరి. ఏ గెడ్డ వేసవిలో ఎండిపోతుందో, ఏ బండ కింద ఏడాది పొడుగునా ఊట ఉంటుందో ఆ మనిషికి తెలిసినట్టు ఏ మ్యాపుకూ తెలియదు. వాళ్ళ శ్రమకు కూలి ఇవ్వండి, పేరు రాసుకోండి.

అనుమతి సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. పాపికొండలు, కంబాలకొండ లాంటి జాతీయ ఉద్యానాలు, అభయారణ్యాల్లో సర్వే చేయాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. రిజర్వు ఫారెస్టు అయితే ముందుగా అటవీ శాఖ అధికారి డీఎఫ్ఓను కలవండి. అనుమతి రాకపోతే పని ఆపనక్కర్లేదు. సొంత తోట, ఊరి చెరువు, పొలం గట్టు మీకున్నాయి. అక్కడ కప్పను పట్టకుండా వినడం, ఫొటో తీయడం వరకే ఉంచుకోండి. అరుపులతోనే సగం పని అవుతుంది.

1. హద్దు గీయండి, చోట్లు రాయండి

మీరు నిజంగా ఏదైనా చేయగలిగినంత మేరకే హద్దు గీసుకోండి. ఒక పంచాయతీ, ఒక కొండ, ఒక లోయ. అందులో పది నుంచి ముప్పై చోట్లు గుర్తించండి. పై గెడ్డ, కింది గెడ్డ, చెరువు, బండ, కాఫీ తోట, పోడు చేసి వదిలేసిన నేల, ఇలా అన్ని రకాలూ ఉండాలి.

ఇక్కడే మొదటి తప్పు జరుగుతుంది. బండి పోయే దారి పక్కన ఉన్న చోట్లే రాసుకుంటారు. తర్వాత పట్టిక చూస్తే కప్పలన్నీ రోడ్డు పక్కనే బతుకుతున్నట్టు తేలుతుంది! ఒక్కో రకం నేలలో ఉన్న చోట్లకు అంకెలు వేసి చీటీ తీయండి. చీటీ కొండ పైకి పంపితే పైకే వెళ్ళండి.

2. పేర్ల జాబితాను శుభ్రం చేయండి

పాత పుస్తకాల్లో, పాత నివేదికల్లో ఉన్న పేర్లు ఇప్పుడు చాలావరకు మారిపోయాయి. ఇంటర్లో చదువుకున్న రానా టైగ్రినా ఇప్పటి హోప్లోబాట్రాకస్ టైగ్రినస్. మన గోదురుకప్ప బూఫో మెలనోస్టిక్టస్ ఇప్పుడు డుట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. ఫిలాటస్ అని రాసిన పొద కప్పల్లో చాలావాటిని రావోర్కెస్టిస్‌కో, సూడోఫిలాటస్‌కో మార్చారు. రెండు జాబితాలు కలిపేటప్పుడు ఇవి చూసుకోకపోతే ఒకే కప్ప రెండు రకాలుగా లెక్కలోకి వస్తుంది.

జాబితా పూర్తయిందని మాత్రం అనుకోవద్దు. శ్రీలంక కప్పలుగా పేరుపడ్డ రెండు రకాలు ఆంధ్రప్రదేశ్ తూర్పు కనుమల్లో ఉన్నాయని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు 2024లో చెప్పారు. గుర్తుపట్టలేని కప్ప దొరికితే దగ్గరి పేరు తగిలించకండి. "పొద కప్ప, రకం 1" అని రాసి ఫొటో పెట్టుకోండి, లెక్కకు అది చాలు.

3. సూచిక గుంపును ఎంచుకోండి

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. పేరు చూసి కాదు, బతికే తీరు చూసి ఎంచుకోవాలి.

పొద కప్పలతో మొదలుపెట్టండి. రావోర్కెస్టిస్, సూడోఫిలాటస్ కప్పలకు నీళ్ళలో ఈదే చిరుకప్ప దశే లేదు. ఆకుల మీదో, రాలిన ఆకుల కిందో గుడ్లు పెడతాయి, గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్ప బయటికి వస్తుంది. గుడ్డు ఎండకూడదు కాబట్టి నీడ, తేమ, కింద ఆకుల పొర తప్పనిసరి. పైన చెట్లు పలచబడితే ఇవి ముందు మాయమవుతాయి. ఆ తర్వాత పారే నీళ్ళలో గుడ్లు పెట్టే గెడ్డ కప్పలు, బంగారు వీపు కప్పల లాంటివి. బండల మీద మాత్రమే ఉండే డుట్టాఫ్రైనస్ హోలోలియస్ అనే రాతి గోదురుకప్ప ఇంకో తీరుది, నాగార్జునసాగర్ వైపు కూడా అది నమోదైంది. దాని ఇల్లు మనకు ఉత్త రాయిలా కనబడుతుంది, అందుకే క్వారీకి ముందు పోయేది అదే. నురగ గూడు కట్టే చెట్టు కప్ప, మట్టిలో దూరి ఉండి వానకే బయటికొచ్చే యూపరోడాన్ కప్పలు, చెరువు కప్పలు మిగతా తీరులు.

ఒక్కో తీరు నుంచి ఒకటి చొప్పున నాలుగు నుంచి ఆరు రకాలు తీసుకోండి. ప్రతిదానికీ మూడు ప్రశ్నలు వేయండి. దీన్ని నేను తప్పులేకుండా గుర్తుపట్టగలనా? ఇది ఒక రకం చోటుకే కట్టుబడి ఉంటుందా? నాలుగైదు రాత్రుల్లో కనబడటమో వినబడటమో జరుగుతుందా? మూడింటికీ అవును వస్తేనే గుంపులోకి తీసుకోండి.

హెచ్చరిక: విలువైన జంతువు అన్నంతమాత్రాన సూచికగా పనికిరాదు. కాళ్ళు లేకుండా వానపాములా ఉండే సిసీలియన్లు అనే ఉభయచరాలు తూర్పు కనుమల్లో ఉన్నాయి. వాటిలో ఒకటైన గెగెనియోఫిస్ ఓరియెంటాలిస్‌కు పేరు పెట్టిందే 2013లో. కానీ అవి మట్టిలో బతుకుతాయి, తవ్వితే తప్ప కనబడవు. కనబడలేదంటే లేవని చెప్పలేం. పశ్చిమ కనుమల ఊదా కప్ప కూడా అంతే, ఏడాదిలో కొద్ది రోజులే నేల మీదికి వస్తుంది. ఇలాంటివి దొరికిన చోటును లెక్కతో పనిలేకుండా నేరుగా కాపాడే జాబితాలో పెట్టండి, గుంపులో మాత్రం వద్దు.

రెండో హెచ్చరిక ఉత్సాహవంతులకు: అంతరించే ముప్పున్న రకాలతోనే గుంపు నింపకండి. అది ఎందుకు దెబ్బతీస్తుందో ఏడో మెట్టులో లెక్కతో చూపిస్తాను.

4. రాత్రి వెళ్ళండి, రోగం మోసుకెళ్ళకండి

కైట్రిడ్ అనే బూజు తెగులు ప్రపంచంలో ఎన్నో కప్ప రకాలను తుడిచిపెట్టింది. పశ్చిమ కనుమల్లో కూడా అది కనబడింది. బూట్ల మట్టితో, తడి సంచులతో ఒక గెడ్డ నుంచి ఇంకో గెడ్డకు మనమే దాన్ని చేరవేయగలం. కాబట్టి ఒక చోటు పూర్తవగానే బూట్లు, డబ్బా, స్కేలు బ్రష్షుతో మట్టి పోయేలా రుద్ది, స్పిరిట్‌తో తడిపి ఒక నిమిషం ఉంచండి. స్పిరిట్ దొరకకపోతే ఎండలో పూర్తిగా ఆరనిచ్చాకే రెండో చోటుకు వెళ్ళండి. ఈ ఒక్కటి పాటించలేమనుకుంటే అసలు వెళ్ళకండి. కాపాడబోయి చంపినవాళ్ళం అవుతాం.

ఏజెన్సీలో మలేరియా భయం ఉంది కాబట్టి దోమల మందు మానమని చెప్పను. బట్టలకు పట్టించండి, చేతులకు వద్దు. ఆ మందు కప్ప చర్మంలోకి ఇంకిపోతుంది. కప్పను పట్టాల్సి వస్తే కొత్త సంచి చేతికి తొడుక్కుని, ఒక్కో కప్పకు ఒక్కో సంచి వాడండి. నిమిషంలో ఫొటోలు తీసి, పట్టిన చోటే వదలండి. వీపు, పక్క, పొట్ట, కాలివేళ్ళ మధ్య పొర, స్కేలు పక్కన మొత్తం శరీరం, ఈ ఐదూ ఉంటే తర్వాత ఎవరైనా పోల్చుకోగలరు.

ఒంటరిగా వద్దు. కప్పలున్న చోటుకు కట్లపాము కూడా వస్తుంది, కొండ మీద ఎలుగుబంటి ఉంటుంది. ఇద్దరు కలిసి, చీకటి పడ్డాక ఏడు నుంచి పది గంటల మధ్య, ఒక్కో చోట సరిగ్గా గంట. ముందు ఐదు నిమిషాలు లైటు ఆపి ఊరికే నిలబడి రికార్డు చేయండి, తర్వాత నెమ్మదిగా నడవండి. తిప్పిన రాయిని మళ్ళీ ఉన్నట్టే పెట్టండి. ప్రతి చోటా ఇదే సమయం, ఇంతమందే. ఒక చోట ఇద్దరు, ఇంకో చోట ఆరుగురు వెళితే ఆ రెండు అంకెల్నీ పోల్చలేం.

5. "లేదు" అని రాసే ముందు ఆగండి

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. ఒక గెడ్డకు జూన్ చివర్లో రెండుసార్లు వెళ్ళి, పొద కప్ప వినబడక "లేదు" అని రాసేశాను. ఆ గెడ్డ ప్రణాళికలోంచి పోయింది. ఆగస్టులో ముసురు పట్టిన రాత్రి వేరే పని మీద అటు వెళితే పొదలన్నీ టిక్ టిక్‌మంటున్నాయి. అప్పటికే దాని ఒడ్డున చెట్లు కొట్టడం మొదలైంది.

లెక్క చూడండి. ఒక రకం ఆ చోట ఉండి కూడా, ఒక రాత్రిలో మీకు దొరికే అవకాశం పదిలో నాలుగే అనుకుందాం. అంటే దొరకకపోయే అవకాశం 0.6. మూడు రాత్రులూ దొరకకపోవడం 0.6 × 0.6 × 0.6, అంటే సుమారు 0.22. అంటే సుమారు ఐదుసార్లలో ఒకసారి మీరు తప్పుగా "లేదు" అంటారు. ఐదు రాత్రులు వెళితే అది 0.08కి తగ్గుతుంది. కాబట్టి మూడుసార్లు కనీసం, ఐదు మంచిది. ఐదైతే తొలకరిలో ఒకటి, నడి వానల్లో మూడు, చివర్లో ఒకటి ఉండేలా పంచుకోండి. మట్టిలో ఉండే రకాలు మొదటి పెద్ద వానకే వచ్చి వెళ్ళిపోతాయి, ఆ రాత్రి తప్పితే మళ్ళీ వచ్చే ఏడాదే. వాన, చలి, గాలి వివరాలు ప్రతిసారీ రాయండి. పొడి రాత్రి ఖాళీగా వస్తే అది గెడ్డ తప్పు కాదు.

పట్టికలో మూడు గుర్తులు వాడండి: ఉంటే 1, తగినన్నిసార్లు వెతికినా దొరక్కపోతే 0, సరిగా వెతకకపోతే ప్రశ్నార్థకం. ప్రశ్నార్థకాన్ని ఎప్పుడూ సున్నాగా మార్చకండి.

6. పట్టిక వేసి చోట్లు ఎంచుకోండి

అడ్డంగా రకాలు, నిలువుగా చోట్లు. పద్ధతి అర్థం కావడానికి ఒక కల్పిత ఉదాహరణ, ఇందులో గుంపు రకాలే కాకుండా అన్ని రకాలూ ఉన్నాయి. పది రకాలు, ఐదు చోట్లు.

- అ (ఊరి చెరువు): 1, 2, 3, 4, 5, 6
- ఆ (పొలం కుంట): 1, 2, 3, 4, 5
- ఇ (పై గెడ్డ): 1, 7, 8
- ఈ (కాఫీ తోట వాగు): 2, 8, 9
- ఉ (బండ): 3, 10

నాలుగు చోట్లే కాపాడగలం అనుకోండి. ఎక్కువ రకాలున్న చోట్లు అని వరుసగా తీస్తే అ, ఆ, ఇ, ఈ వస్తాయి. తొమ్మిది రకాలు దొరుకుతాయి, బండ పోతుంది. దాంతోపాటు పదో రకం ఆ కొండ నుంచే పోతుంది.

ఇలా చేయండి. ముందు ఒక చోటు తీసుకోండి, అ అనుకుందాం. ఇప్పుడు "దీంట్లో లేనివి ఎవరు ఎక్కువ తెస్తారు?" అని అడగండి. పై గెడ్డ 7, 8 తెస్తుంది. ఆ తర్వాత తోట వాగు 9, బండ 10. అదే నాలుగు చోట్లలో పది రకాలూ వచ్చేశాయి. ఐదు రకాలున్న పొలం కుంట అవసరమే రాలేదు, రెండే ఉన్న బండ తప్పనిసరి అయింది. ఎన్ని ఉన్నాయని కాదు, ఇంకెక్కడా లేనిది ఏముందని చూడాలి. మాకు వచ్చే ప్రణాళికల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క చోటే పక్కదారి పడతాయి. పాడైన చోట్లలో చెరువు కప్పలు, పొలం కప్పలు గుంపులుగా చేరి అంకెను పెంచేస్తాయి, కొండ గెడ్డ అంకెలో ఓడిపోతుంది.

7. గుంపును పరీక్షించండి

దీన్ని మానేసేవాళ్ళే ఎక్కువ. పరీక్షించని గుంపు ఉత్త నమ్మకం మాత్రమే.

దీనికి కొన్ని చోట్లలోనైనా అన్ని రకాలనూ పూర్తిగా వెతికి ఉండాలి. పై ఉదాహరణలో మన గుంపు 7, 8, 9, 10 అనుకుందాం, అన్నీ ముప్పున్న అడవీ బండా రకాలే. వాటిని చేర్చడానికి ఇ, ఈ, ఉ చాలు. ఇప్పుడు గుంపులో లేని ఆరు రకాల్లో ఎన్ని వచ్చాయో చూడండి: 1, 2, 3 వచ్చాయి, 4, 5, 6 రాలేదు. ఆరింట మూడు. గుంపులో ఉన్నవాటిని కూడా కలిపి "పదిలో ఏడు వచ్చాయి" అనుకోవడం తప్పు. మనం ఎంచుకున్నవి ఎలాగూ వస్తాయి.

ఇప్పుడు చెరువు రకం 6ను గుంపులో చేర్చండి. చోట్లు అ, ఇ, ఈ, ఉ అవుతాయి, బయట ఉన్న ఐదు రకాలూ వచ్చేస్తాయి. ముప్పున్న రకాలతోనే గుంపు నింపొద్దని మూడో మెట్టులో చెప్పింది ఇందుకే.

తర్వాత చీటీల పరీక్ష. అన్ని రకాల పేర్లు చీటీల మీద రాసి కలిపి, మీ గుంపులో ఎన్ని ఉన్నాయో అన్ని తీయండి. ఆ చీటీల గుంపుతో, అంతే సంఖ్య చోట్లు ఎంచుకుని, గుంపు బయటి రకాల్లో ఎన్నో వంతు వచ్చాయో రాయండి. తక్కువ చోట్లతోనే చీటీల గుంపు పూర్తయిపోతే మిగిలిన చోట్లను కూడా చీటీతోనే నింపండి, లేకపోతే పోలిక న్యాయంగా ఉండదు. కనీసం యాభైసార్లు చేయండి. కంప్యూటర్ తెలిసినవాళ్ళు వెయ్యిసార్లు చేయించవచ్చు. ఆ యాభైలో నలభై ఐదుసార్లయినా మీ గుంపే మెరుగ్గా ఉంటే నమ్మి వాడండి. సగం సగంగా ఉంటే మూడో మెట్టుకు వెనక్కి వెళ్ళి ఏ తీరు కప్ప తప్పిపోయిందో వెతకండి. చాలాసార్లు తప్పిపోయేది చెరువు రకమో, మట్టి రకమో.

చోట్లు ఇరవైకి పైగా ఉంటే ఇంకా గట్టి పరీక్ష ఉంది. మూడింట రెండు వంతుల చోట్లతో గుంపు ఎంచుకుని, మిగిలిన చోట్లలో పరీక్షించండి. అక్కడ కూడా నిలబడితే పక్క లోయలో వాడటానికి ధైర్యం చేయవచ్చు. శ్రీశైలం నల్లమల పొడి అడవిలో నిలబడ్డ గుంపును అనంతగిరి తడి గెడ్డలకు మాత్రం మోసుకెళ్ళకండి, కొత్త చోట మళ్ళీ పరీక్షించాల్సిందే.

8. పట్టికను పనిగా మార్చండి

ప్రతి పంచాయతీకీ 2002 జీవవైవిధ్య చట్టం కింద జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మీ పట్టికను ముందు అక్కడ నమోదు చేయించండి. ఏజెన్సీ గ్రామాల్లో గ్రామసభ ముందు పెట్టండి. గెడ్డ వాడుకునేది వాళ్ళు, నిర్ణయం వాళ్ళది. అరుదైన రకం దొరికిన చోటు కచ్చితమైన జీపీఎస్ అంకెలను ఫేస్‌బుక్‌లో పెట్టకండి.

ఎంచుకున్న చోట అడగాల్సినవి చిన్నవే. రెండు ఒడ్ల మీద చెట్లు కొట్టకుండా ఉండటం, రాలిన ఆకుల్ని ఊడ్చి కాల్చకుండా ఉండటం, వేసవిలో గెడ్డ నీళ్ళు మొత్తం పైపుల్లోకి మళ్ళించకుండా ఉండటం, కాఫీ పండ్లు కడిగిన నీళ్ళను నేరుగా వదలకుండా గుంటలోకి మళ్ళించడం, బండను క్వారీకి ఇవ్వకపోవడం. తోట రైతులకు ఒక మాట. సిల్వర్ ఓక్ ఒక్కటే కాకుండా పనస, మామిడి లాంటి నీడ చెట్లు కలిపి ఉంచిన తోటలో కింద రకరకాల ఆకులు పడి పొర మందంగా ఉంటుంది. మీ తోటలో ముందు ఆ పొర చేత్తో తిప్పి చూడండి. కింద మట్టి చల్లగా, తడిగా ఉంటే పొద కప్పకు ఆశ ఉన్నట్టే.

మరుసటి ఏడు అవే చోట్లకు, అదే గంట, అంతే మనుషులతో వెళ్ళండి. ఒక్క ఏడు తగ్గితే కంగారుపడకండి, వాన తగ్గితే అరుపులు కూడా తగ్గుతాయి. వరుసగా మూడేళ్ళు గుంపులో ఒకే తీరు కప్ప తగ్గుతూ ఉంటే ఆ తీరుకు కావలసినదే ఏదో పోతోంది: పొద కప్ప అయితే నీడ చూడండి, గెడ్డ కప్ప అయితే పైన నీళ్ళు ఎవరు మళ్ళించారో చూడండి. ఈ ఏడు మొదలుపెట్టేవాళ్ళు మే నెలలోనే అనుమతి కాగితం పెట్టండి. తొలి పెద్ద వాన రాత్రికి లైటు, బూట్లు తలుపు దగ్గర సిద్ధంగా ఉండాలి.